పొల్లు లేని రాక

"దించెయ్యండి! ఇప్పుడే దించెయ్యండి! ఆ బోర్డు ఇంకొక్క నిమిషం అలా ఉండటానికి వీల్లేదు!"

నిచ్చెన మీద నిలబడి అరుస్తున్నాడు ఆపరేటర్. నిచ్చెన ఎక్కింది తనే, అక్షరాలు చేతికందేది తనకే. అయినా కింద నిలబడ్డ తల్లినీ భార్యనీ చూసి అరుస్తున్నాడు.

కోడలి కుడి మణికట్టుకి కట్టు కట్టి ఉంది. చెయ్యి బెణక్కపోతే నిన్న సాయంత్రం ఆ అక్షరాలు తనే తగిలించేది. బెణికింది కాబట్టి అత్తగారు తగిలించింది. రాత్రి గేటు వెయ్యడానికి కిందికి వచ్చినప్పుడయినా ఒక్కసారి తలెత్తి చూసుకోవలసింది అనుకుంది కోడలు. చూడలేదు. తెల్లారేసరికి వీధి వీధంతా చూసింది.

హాలు గుమ్మం పైన, జానెడేసి చెక్క అక్షరాల్లో ఇలా ఉంది:

రాక నెల
రోజూ రెండు ఆటలు, అన్నీ పాటల సినిమాలే

ఉండవలసింది 'రాక్ నెల'.

ఇంకెవరూ వెయ్యని పాత సినిమాలు, వింత సినిమాలు వేసే హాలు అది. చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి, మాటలన్నీ కంఠతా పట్టి, తెర మీది మనిషి కన్నా ముందే తాము అరిచే రకం జనం దానికి. నెలకో వరస పెడుతుంది కోడలు. పోయిన నెలంతా దెయ్యాలు. ఈ నెలంతా గిటార్లు, డ్రమ్ములు, జుట్టు విరబోసుకుని గెంతే పాటగాళ్ళు.

"రాక నెలా? ఎవరి రాకండీ?" అన్నాడు మూడో కుర్చీ. ముందు వరసలో మూడో కుర్చీ ఆయనది. ఏ సినిమా అయినా, ఏ ఆట అయినా అందులోనే కూర్చుంటాడు. సొంత పేరు ఏమిటో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చేతిలో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో బోర్డుకి ఫోటో తీసుకుంటున్నాడు.

"ఫోటో తియ్యకండి మహాప్రభో!"

"తీసేశాను. పంపేశాను కూడా. మనవాళ్ళందరికీ వెళ్ళిపోయింది."

ఆపరేటర్ నుదురు కొట్టుకున్నాడు. నిచ్చెన కాస్త ఊగింది. కోడలు ఎడమ చేత్తో దాన్ని పట్టుకుంది.

"అమ్మా, నువ్వు చెప్పు. పొల్లు ఏదీ?"

అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని బోర్డు వంక చూసింది. తరవాత కోడలి వంక చూసింది. ఆఖరికి కాళ్ళ దగ్గర నేలకేసి చూస్తూ ఉండిపోయింది.

"పెట్టెలో ఉండాలి" అంది.

"లేదు. వెతికాను."

"అయితే లేదు."

"లేదంటే ఎట్లా? మనకున్నదే ఒక్క పొల్లు!"

ఆ మాట నిజమే. అక్షరాల పెట్టెలో ఒకప్పుడు పొల్లులు గుప్పెడుండేవి. వాటికి తోక సన్నం. విరిగి విరిగి ఒక్కటి మిగిలింది. అప్పటినుంచి బోర్డు మీదికి ఒకే పొల్లు పట్టే మాటలు ఏరుకోవడం కోడలికి అలవాటైపోయింది. రెండు పొల్లులున్న సినిమా ఒకటి వస్తే, బోర్డు కోసం సినిమానే మార్చేసిన సందర్భం కూడా ఉంది.

"గాలికి పడిపోయిందేమో" అంది కోడలు.

"పొల్లుని పడేసింది సరే. తలకట్టు తెచ్చి తగిలించింది కూడా గాలేనా?"

ఆ పెట్టెలో అక్షరాల ఒళ్ళు వేరు, తలలు వేరు. ఒంటిని మేకుకి తగిలించి, తలకట్టో గుడో కొమ్మో పైన విడిగా గుచ్చాలి. 'క' నెత్తిన తలకట్టు కుదురుగా, చక్కగా, కావాలని పెట్టినట్టుగా కూర్చుని ఉంది.

కావాలనే పెట్టారు. కోడలికి ఆ సంగతి బోర్డు చూసిన మరుక్షణమే అర్థమైంది. ఎవరు పెట్టారో కూడా అర్థమైంది. ఆవిడ పక్కనే నిలబడి నేల చూపులు చూస్తోంది.

"సాయంత్రం మసక వెలుతురు కదండీ. అత్తయ్యకి రెండూ ఒకలాగే కనబడి ఉంటాయి" అంది.

అత్తగారు చప్పున తలెత్తి కోడలిని చూసింది. ఏదో అనబోయి, ఆగి, "అవున్రా అబ్బాయ్. కళ్ళు కనబడలేదు" అంది.

"చూశావా! నాకు తెలుసు. వడ్రంగితో ఇంకో పొల్లు చేయిస్తాను. నేనే వెళ్తాను, మీరెవరూ వెళ్ళక్కర్లేదు."

"అందాకా అది దించెయ్యండి మరి" అంది కోడలు.

ఆపరేటర్ చెయ్యి 'క' దాకా వెళ్ళింది. దాన్ని పట్టుకుంది. అక్కడే ఆగింది.

"దించితే ఏముంటుంది? ఖాళీ బోర్డు చూస్తే హాలు మూసేశారనుకుంటారు జనం" అని గొణిగి నిచ్చెన దిగిపోయాడు.

"మరి ఇందాకటినుంచి దించెయ్యండి, దించెయ్యండి అని అరిచిందెవరండీ?" అన్నాడు మూడో కుర్చీ, టీ ఊదుకుంటూ.

*

వీధి నవ్వితే నవ్వింది. వీధికి తెలియని సంగతి ఒకటుంది. ఆ ఇంట్లో రాక అంటే మనిషి.

అత్తగారి కూతురు చిన్నప్పుడు, ఒక సినిమా వెళ్ళిపోయి ఇంకొకటి రాని రోజుల్లో బోర్డు మీద 'కొత్త బొమ్మ రాక శుక్రవారం' అని తగిలించేవారు. అక్షరాలు కూడబలుక్కునే వయసు ఆ పిల్లది. "అమ్మా, రాక ఎవరే? ఎప్పుడూ శుక్రవారమే వస్తుందేం?" అని అడిగిందట. అప్పటికి అత్తగారికీ అక్షరాలు రావు. టికెట్లు చింపడం, చిల్లర ఇవ్వడం వరకే వచ్చు. తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ చెక్క పెట్టె ముందేసుకుని కలిసి నేర్చుకున్నారు. ఆ పిల్లకి రాక అనే పేరు అంటుకుపోయింది. పెద్దదయ్యాక డ్రమ్ములు వాయించే రోజుల్లో కూడా స్నేహితులు ఆ పేరుతోనే పిలిచేవారు.

ఆ పేరు ఇంట్లో వినబడి ఏడాది కావస్తోంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళ వంటిల్లు హాలు వెనకాల, సరిగ్గా తెర వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. సినిమా నడుస్తుంటే గోడకున్న గిన్నెలు సన్నగా మోగుతాయి. ఏ గిన్నె మోగిందో విని ఏ పాట నడుస్తోందో చెప్పేస్తుంది అత్తగారు. ఇంకా ఆట మొదలు కాలేదు. గిన్నెలు కూడా నోరు మూసుకున్నాయి.

బల్ల దగ్గర కుర్చీలు నాలుగు. నాలుగో దాని మీద పాత పోస్టర్లు కట్టగట్టి పెట్టారు. ఎవరు పెట్టారో గుర్తు లేదు. తియ్యాలని ఎవరూ అనలేదు.

"ఆ పేరు ఎత్తకూడదనుకున్నాం" అన్నాడు ఆపరేటర్, కంచంలోకి చూస్తూ.

"అనుకున్నాం కాదు. నువ్వన్నావు" అంది అత్తగారు.

"నేనెప్పుడన్నాను?"

"అనలేదు. అనకుండానే అన్నావు."

"అదేం మాటమ్మా?"

"నీ మాటే. ఆ పిల్ల పేరు వస్తే చాలు, ఏదో పనున్నట్టు లేచిపోతావు. ఇప్పుడూ లేవబోతున్నావు. కూర్చో. కూర వేసుకో."

లేవబోతున్నవాడు కూర్చున్నాడు. కూర వేసుకున్నాడు.

పోయిన ఏడాది ఇలాగే పాటల నెల ఆఖరి రోజున, సినిమాకి ముందు తెర దగ్గర అరుగు మీద రాక తన జట్టుతో వాయించింది. హాలు కిక్కిరిసిపోయింది. జట్టంతా ఆగి, రాక ఒక్కత్తే డ్రమ్ముల మీద విజృంభించిన ఘడియలో పైకప్పు పెచ్చులు విడివడి ముందు వరస వాళ్ళ నెత్తిన వేలాడడం మొదలుపెట్టాయి. సినిమా ఆడించే క్యాబిన్ కిటికీలోంచి అది చూసిన మనిషి ఆపరేటర్ ఒక్కడే. వాడు ఫ్యూజు పీకేశాడు.

చీకట్లో రాక చేతులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. మైకులు చచ్చిపోయాయి. జనం ఈలలు, నవ్వులు. "అన్నయ్యే ఫ్యూజు పీకాడటర్రా" అని ఎవరో అరిచారు. ఆ రోజే రాక డ్రమ్ములు వ్యానెక్కించుకుని వెళ్ళిపోయింది.

పెచ్చుల సంగతి ఎవరికీ చెప్పవద్దని ఆపరేటర్ ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు. కప్పు కూలే హాలని పొక్కితే ఇంక జనం రారని భయం. ఎండాకాలంలో కప్పు బాగుచేయించారు. మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

"కప్పు గట్టిపడింది కదండీ. ఇప్పుడైనా చెప్పెయ్యొచ్చుగా తనకి?" అంది కోడలు.

"ఇన్నాళ్ళ తరవాత చెబితే సాకు చెప్పినట్టుంటుంది."

"నిజం కదా."

"నిజమైతే మాత్రం? సాకులా ఉండే నిజం సాకు కన్నా అధ్వాన్నం."

"ఒక్క ఫోను చెయ్యరా" అంది అత్తగారు.

"తను చెయ్యొచ్చుగా?"

"చిన్నది."

"చిన్నది కాబట్టి తనే చెయ్యాలి."

"పెద్దవాడివి కాబట్టి నువ్వే చెయ్యాలి."

"బావుంది. మీరిద్దరూ ఇట్లాగే తీర్పులు చెప్పుకుంటూ ఉండండి, నాకు రీళ్ళు సర్దుకునే పనుంది" అని ఈసారి నిజంగానే లేచిపోయాడు.

కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటున్నవాడిని కోడలు అడిగింది. "వడ్రంగి దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్తాను."

"పొద్దున కూడా అలాగే అన్నారు."

"వడ్రంగేం పారిపోతాడా?"

అత్తగారూ కోడలూ మిగిలారు. అత్తగారు కంచాలు తీస్తూ కోడలి భుజం మీద ఒకసారి చెయ్యి వేసింది. ఎప్పుడూ లేనిది. కోడలు దాన్ని ఒప్పుకోలు అనుకుంది. ఏం ఫరవాలేదు అత్తయ్యా, నేను బయటపెట్టనులెండి అన్నట్టు చిన్నగా నవ్వింది. అత్తగారు కూడా అలాంటి నవ్వే నవ్వింది.

*

మర్నాటికి బోర్డు ఊరు చుట్టొచ్చింది. మూడో కుర్చీ పంపిన ఫోటో ఎవరెవరికో చేరింది. మ్యాట్నీకి జనం గుమ్మం దాటి వీధిలోకి నిలబడ్డారు.

"ఎవరి రాకండీ?" అని బుకింగ్ కిటికీ దగ్గర ప్రతివాడూ అడగడమే.

"నీదే నాయనా. వచ్చావుగా" అని టికెట్టు చింపి ఇస్తోంది అత్తగారు.

ఆ కిటికీ చిన్న అర్ధచంద్రం. ఇవతలి నుంచి చూస్తే చేతులు తప్ప మొహాలు కనబడవు. ఇన్నేళ్ళూ చేతుల్ని చూసే మనుషుల్ని పోల్చుకుంది ఆవిడ. రంగు మరకలున్నది పెయింటరు. గోళ్ళు కొరుక్కున్నది పరీక్షలు దగ్గరపడ్డ కాలేజీ పిల్ల.

కళ్ళజోళ్ళ షాపాయన ఆ రోజు రెండు టికెట్లడిగాడు.

"ఇద్దరెవరయ్యా? ఎప్పుడూ ఒక్కడివేగా?"

"మా ఆవిడండీ. ఈ గోల సినిమాలకి నేను రానంటే రానని కూర్చునేది. బోర్డు చూపించి, రాక నెలటే, ఈ నెల రాకపోతే తప్పట అన్నాను. వచ్చింది."

"అబద్ధాలకోరు!" అంది కిటికీకి కనబడని గొంతు. "గిటారు పట్టుకుని ఏడ్చే సినిమా ఉందని చెప్పి తీసుకొచ్చాడండీ. నాకు ఏడుపు సినిమాలిష్టం."

"ఏడుస్తాడమ్మా, విరామం తరవాత బాగా ఏడుస్తాడు. కూర్చోండి."

అందరూ కూర్చున్నాక క్యాబిన్ నుంచి గంట ఒకసారి మోగింది. మొదలుపెట్టనా అని కొడుకు అడగడం. అత్తగారు కిటికీ పక్కనున్న మీట నొక్కింది. కానీ అని తల్లి జవాబు. ఆయన, అంటే మామగారు, ఉన్న రోజుల్లో పెట్టిన పద్ధతి అది. తల్లీ కొడుకులు పొద్దున పోట్లాడుకున్నా, మాటలు మానేసినా గంట మాత్రం ఆగదు.

ఆ రోజు సినిమాలో పాటల జట్టు ఎక్కిన వ్యాను ఎడారి మధ్య ఆగిపోతుంది. చెయ్యడానికి పని లేక డ్రమ్ములవాడు వ్యానునే వాయిస్తాడు. తలుపులు, టైర్లు, ఇంజను మూత, అన్నీ. ఈ హాల్లో జనం ఆ ఘట్టం కోసమే వస్తారు. కుర్చీల చేతుల మీద కలిసి వాయిస్తారు. సరిగ్గా ఆ ఘట్టానికి ముందు ఆపరేటర్ సౌండు తగ్గించేస్తాడు. పెచ్చుల భయం కప్పు బాగైనా పోలేదు. తగ్గించగానే జనమంతా క్యాబిన్ కేసి తిరిగి "పిసినారీ!" అని ముక్తకంఠంతో అరుస్తారు. అది కూడా సినిమాలో భాగమే అయిపోయింది.

కోడలు వెనక గోడకి ఆనుకుని నిలబడింది. వ్యాను ఆగింది. డ్రమ్ములవాడు పుల్లలు తీశాడు. జనం అరవడానికి ఊపిరి బిగబట్టి వెనక్కి తిరిగారు.

సౌండు తగ్గలేదు.

ఒక్కసారిగా తలుపులు, టైర్లు, ఇంజను మూత జనం గుండెల మీద పడ్డాయి. అరుద్దామని తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. కోడలు గభాల్న కప్పుకేసి చూసింది. సున్నం కూడా రాలలేదు.

"పిసినారి బాగుపడ్డాడ్రోయ్!" అని కేక పెట్టాడు మూడో కుర్చీ. హాలంతా ఈలలు.

ఆట వదిలాక వంటింట్లో అత్తగారు కింద పడ్డ గరిటెలు ఏరుకుంటోంది. "ఇవాళ గిన్నెలన్నీ ఒకేసారి మోగాయమ్మాయ్! వాడికేమైంది?" అంది.

"అదే నాకూ అర్థం కాలేదు అత్తయ్యా."

"సౌండు పెంచమని నువ్వేమైనా చెప్పావా?"

"నేను చెబితే వింటారా?"

ఆ సాయంత్రం కూడా వడ్రంగి దగ్గరికి వెళ్ళలేదు ఆపరేటర్. వడ్రంగే హాలుకి వచ్చాడు, సినిమాకి. కోడలు పొల్లు సంగతి అడిగింది.

"పొల్లా? నాకెవరూ చెప్పలేదమ్మా. అయినా బోర్డు బాగుంది కదా, ఎందుకు మార్చడం?" అన్నాడతను.

*

శుక్రవారం మ్యాట్నీకి ముందు కోడలు క్యాబిన్ కి వెళ్ళింది. క్యాబిన్ కి మెట్లు హాలు బయట, పక్క సందులోంచి. ఇనప మెట్లు. ఎవరెక్కినా కింద బుకింగ్ గదిలోకి వినబడుతుంది.

ఆపరేటర్ రీలు ఎక్కిస్తున్నాడు. రెండు చేతులూ ఫిల్ము పట్టుకుని ఉన్నాయి.

"పోస్టరు చిరిగింది. అతుకు టేపు కావాలి. ఎక్కడుంది?" అంది.

"కిటికీలో ఉంది చూడు."

"ఇది అయిపోయింది. సొరుగులో ఉంటుందిగా."

"సొరుగులో లేదు" అన్నాడు గబుక్కున. "సొరుగు తియ్యకు. ముక్కలన్నీ కలిసిపోతాయి."

అప్పటికే తీసింది. టేపు చుట్టలు, కత్తెర, ఫిల్ము తునకలు. వాటి కింద, లెన్సు తుడుచుకునే మెత్తటి గుడ్డలో ఏదో చుట్టి ఉంది. విప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. గుడ్డ చివరనుంచి సన్నటి చెక్క తోక ఒకటి బయటికి చూస్తోంది.

కోడలు భర్త వంక చూసింది. ఆయన ఫిల్ము పళ్ళచక్రాల్లో పెడుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

బోర్డు మారిన రోజు పొద్దున సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. రోజూ దుప్పటి లాగేస్తే గాని లేవని మనిషి ఆ రోజు తనకన్నా ముందే కిందికి దిగాడు. తను వెళ్ళేసరికి నిచ్చెన అప్పటికే గోడకి వేసి ఉంది.

"టేపు దొరికిందా?" అన్నాడు, తిరిగి చూడకుండా.

"దొరికింది" అంది.

గుడ్డతో సహా చీర కుచ్చెళ్ళ చాటున పట్టుకుని మెట్లు దిగింది. సగం మెట్ల మీద నవ్వొచ్చింది. దిగేసరికి ఏడుపొచ్చింది. బుకింగ్ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"అత్తయ్యా, నన్ను క్షమించాలి. మీరే అనుకున్నాను."

"ఏమిటి నేను?"

"పొల్లు తీసి తలకట్టు పెట్టింది మీరేననుకున్నాను. అందుకే కళ్ళు కనబడలేదని మీ మీద వేశాను."

అత్తగారు కళ్ళద్దాలు తీసింది.

"నేనా? నేను శుభ్రంగా పొల్లే పెట్టానమ్మాయ్. ఎన్నేళ్ళనుంచి పెడుతున్నాను, నాకు పొల్లు తెలియదా? పొద్దున్నే చూస్తే తలకట్టుంది. రాత్రి గేటు వెయ్యడానికి వెళ్ళింది నువ్వు. నువ్వే మార్చావనుకున్నాను. ఆడపడుచు మీద నీకెంత ప్రేమో అని..."

"అందుకని మీరు పడ్డారా ఆ తిట్లన్నీ?"

"నీ మొగుడు నిన్ను తిట్టడం కన్నా నన్ను తిడితేనే నయం కదా. నాకు అలవాటు."

కోడలు గుడ్డ విప్పి పొల్లుని బల్ల మీద పెట్టింది. "టేపుల సొరుగులో ఉంది."

అత్తగారు పొల్లుని చూసింది. పైకి, క్యాబిన్ ఉన్న వైపుకి చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నవ్వో ఏడుపో కోడలికి తెలియలేదు. ఆవిడకీ తెలిసినట్టు లేదు.

"దొంగవెధవ! తను పెట్టి, తనే నిచ్చెనెక్కి, తనే అరిచాడూ? అంత అరుపు అరిచాడే!"

"మెల్లగా అత్తయ్యా. వినబడుతుంది."

"ఫోను చెయ్యరా అంటే చెయ్యలేడు గాని, వీధిలో బోర్డు కడతాడు! వీళ్ళ నాన్నా అంతే. నాతో ఒక్క మంచి మాట చెప్పడానికి..."

ఆ మాట ఆగిపోయింది. అర్ధచంద్రంలోకి ఒక చెయ్యి వచ్చింది.

చూపుడువేలికి గుడ్డ ప్లాస్టరు. బొటనవేలి పక్కన కాయ కాసిన చర్మం. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి.

"ఒక టికెట్టివ్వండి" అంది గొంతు.

కోడలు అత్తగారి భుజం పట్టుకుంది. అత్తగారు మాత్రం టికెట్ల పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"ఏ వరస?"

"తలుపుకి దగ్గరగా ఉన్నది ఏదైనా ఫరవాలేదండీ."

"వెళ్ళిపోవడానికి వీలుగానా?"

వేళ్ళు కిటికీ చెక్క మీద మెల్లగా దరువేస్తున్నాయి. ఆ చెయ్యికి తెలియకుండానే వేస్తున్నాయి.

"బోర్డు మీద తప్పుంది" అంది గొంతు. మాటల్లోంచి 'అండీ' పోయింది. "నా స్నేహితురాలు ఫోటో చూపించింది. ఎవరు తగిలించారు? నువ్వా అమ్మా?"

అత్తగారు టికెట్టు చింపి గట్టు మీద పెట్టింది.

"నువ్వయితే నాకు తెలుసు. నువ్వు రమ్మంటావు, రమ్మని చెప్పేదాకా నిద్రపోవు. నిన్నూ వదిననీ ఎప్పుడైనా చూస్తాను, అదో పెద్ద సంగతి కాదు. మీ ఇద్దరిలో ఎవరు పెట్టినా సరే, ఈ సినిమా చూసి వెళ్ళిపోతాను. వెనక తలుపులోంచే."

పైన గంట మోగింది. ఒక్కసారి. మొదలుపెట్టనా?

అత్తగారి చెయ్యి మీట మీదికి వెళ్ళింది. నొక్కలేదు.

"మా ఇద్దరిలో ఎవరమూ కాకపోతేనో?" అంది కోడలు.

దరువు ఆగింది.

"వదినా? నువ్వూ ఇక్కడే ఉన్నావా?"

కోడలు పొల్లుని తీసి కిటికీ గట్టు మీద, ఆ చెయ్యి పక్కన పెట్టింది. ఇంకొకరి గుట్టు తను విప్పుతున్నానని తెలుసు. మాటల్లో విప్పకపోతే అంత తప్పు కాదులే అనుకుంది. 

"ఇదెక్కడ దొరికింది?"

"టేపుల సొరుగులో. లెన్సు గుడ్డలో చుట్టి ఉంది."

లెన్సు గుడ్డ ఎవరిదో, టేపుల సొరుగు ఎక్కడుంటుందో ఆ హాల్లో పుట్టి పెరిగిన పిల్లకి వేరే చెప్పాలా? చెయ్యి అలాగే ఉండిపోయింది. తరవాత ప్లాస్టరు వేలు పొల్లు తోకని ఒకసారి తాకి చూసింది.

పైన గంట మళ్ళీ మోగింది. ఈసారి కాస్త చిరాగ్గా.

"ఇంకో మాట చెప్పాలే తల్లీ" అంది అత్తగారు. "ఆ రోజు ఫ్యూజు ఎందుకు పీకాడంటే..."

"వద్దు."

"కాదే, పైకప్పు..."

"వద్దమ్మా. నువ్వు చెప్పకు. నాకు నువ్వు చెబితే వద్దు."

చెయ్యి వెనక్కి వెళ్ళింది. గట్టు మీద పొల్లు లేదు. చింపిన టికెట్టు అలాగే ఉంది.

అత్తగారు కిటికీకి మొహం ఆనించి చూసింది. ఆ అర్ధచంద్రంలోంచి వీధి ముక్క ఒకటి కనబడుతుంది గాని, పక్క సందు కనబడదు. మనిషి ఎటు వెళ్ళిందో తెలియలేదు.

"ఎటు వెళ్ళిందే? వీధిలోకా?"

"ఉండండత్తయ్యా. వినండి."

ఇనప మెట్ల మీద చప్పుడైంది. అడుగుల చప్పుడు కాదు. సన్నటి చెక్క ముక్కతో కమ్మీని ఒక్కొక్కదాన్నీ తట్టుకుంటూ పైకి పోతున్న దరువు. తలుపులు, టైర్లు, ఇంజను మూత. దరువు పైదాకా వెళ్ళి ఆగింది.

గంట మూడోసారి మోగబోయి, సగంలో తెగిపోయింది.

పైన ఆపరేటర్ అలవాటుగా మీట నొక్కినట్టున్నాడు, హాల్లో దీపాలన్నీ ఆరిపోయాయి. జనం చప్పట్లు కొట్టి తెర కేసి తిరిగారు. తెర చీకటిగానే ఉంది. కాసేపు చూసి కాళ్ళు తాటించారు. ఇంకాసేపు చూసి అరిచారు.

"మళ్ళీ ఫ్యూజు పీకాడర్రోయ్!" అన్నాడు మూడో కుర్చీ.

అత్తగారు మీట మీదనుంచి చెయ్యి తీసేసి, కోడలి మంచి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పైన క్యాబిన్ తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు వినబడింది. మాటలు మాత్రం ఇంకా వినబడలేదు.